చూడటానికి వచ్చేవాళ్లు చూసి వెళ్లక, మమ్మల్నే పక్కకు జరగమంటే ఎలా?

గాజుల_గల్లీ
పుట్టి పెరిగింది నల్లగొండలో. పదమూడేళ్లుగా హైదరాబాదు లాడ్‌బజార్‌లో ఒక లక్క గాజుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. ఇల్లు కూడా అక్కడే. మిద్దె ఎక్కితే చార్మినార్ కనిపిస్తుంది. నిన్న ఉదయం చూసింది మనసులోంచి పోవడం లేదు.

మా వీధిలో ఒక పెద్దాయన రోజూ తెల్లవారుజామున మక్కా మసీదు ముందు పావురాలకు జొన్నలు చల్లుతారు. నిన్న ఆయన చల్లి పక్కకు జరిగారో లేదో, పెళ్లి కుదిరిన జంట ఒకటి, వాళ్ల వెంట కెమెరాలతో నలుగురు కుర్రాళ్లు వచ్చారు. పావురాలన్నీ ఒక్కసారిగా లేస్తే వీడియో బాగుంటుందట. ఒక కుర్రాడు చేతులు ఊపుతూ వాటి మధ్యలోకి పరిగెత్తాడు. సరిగా రాలేదని మళ్లీ పరిగెత్తాడు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. "బాబూ, అవి తినేదాకా ఆగు" అన్నారు పెద్దాయన. "ఇది మీ సొంత స్థలమా?" అని అడిగాడు ఆ కుర్రాడు. పెద్దాయన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు.

రంజాన్ నెలలో అయితే కొనడానికి వచ్చినవాళ్లు సాయంత్రం ఉపవాసం విడిచే సమయానికే "ఆ పై వరుసలోని గాజులు దించండి" అంటారు. మా దుకాణంలో పనిచేసేవాళ్లు పొద్దుటి నుంచి గుక్కెడు మంచినీళ్లయినా తాగకుండా నిలబడి ఉంటారు. ఖర్జూరం చేతిలోకి తీసుకున్న మనిషిని చూసి కూడా అయిదు నిమిషాలు ఆగలేరా?

ఆ కెమెరా కుర్రాళ్ల మాట విన్నాను, మన నల్లగొండ, పాలమూరు వైపు వాళ్లే. అందుకే మన వాళ్లంతా ఉండే ఈ చర్చలో రాస్తున్నాను. మీ ఊళ్లకు వచ్చేవాళ్లు ఎలా ఉంటున్నారు? వాళ్లకు ఏం చెబితే వింటున్నారు?

సాగర్_హిల్‌కాలనీ
"ఇది మీ సొంత స్థలమా?" ఈ ప్రశ్న నాగార్జునసాగర్‌లో మేము ఏటా వింటాం.

సాగర్‌కు 26 గేట్లు. వాటిలో రెండు ఎత్తారని టీవీలో వస్తే చాలు, మధ్యాహ్నానికి డ్యామ్ దిగువ వంతెన మీద కార్లు బారులు తీరుతాయి. పక్కకు పెట్టడం అన్న మాటే ఉండదు. నడి వంతెన మీద ఆపి, తలుపులు తెరిచి, పిల్లల్ని గోడ మీద కూర్చోబెట్టి ఫొటోలు. మొన్న ఆగస్టులో మా పక్కింటి అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో ఆమె, ముందు కార్ల వరుస. నేను దిగి ఒక్కొక్క కారు అద్దం తట్టాను. ఒకాయన "ఒక్క ఫొటో అయిపోనివ్వండి" అన్నాడు. బిడ్డ, తల్లి క్షేమం. కానీ ఆ ముప్పావు గంట నేను మరచిపోలేను.

సొంత స్థలం సంగతికి వస్తే, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజు మా తాత ఆ జనంలో ఉన్నాడు. ఆ తరువాత ఆయన పొలం నీళ్ల కిందకు పోయింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలినప్పుడు పదిమందికి పంట పండుతుందని సంతోషించాడు తప్ప ఒక్కనాడూ ఫిర్యాదు చేయలేదు. మీరు ఫొటో తీసుకునే నీళ్ల కింద ఎవరో ఒకరి ఇల్లు ఉంది. మాకు దండాలు పెట్టనక్కరలేదు. దారి వదలండి, చాలు.

పానగల్లు_నీడ
ఆ ఆటో సంగతి చదివి ఒళ్లు గగుర్పొడిచింది అన్నా. బిడ్డకు ఏం పేరు పెట్టారు?

సాగర్_హిల్‌కాలనీ
ఆడపిల్ల. కృష్ణవేణి అని పెట్టారు.

ఆదివారం_యాత్ర
నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను, సెలవు దొరికితే మీ వైపే వస్తాను. మాట పడటానికి సిద్ధపడే రాస్తున్నాను.

పావురాల దగ్గర ఆ కుర్రాడు చేసింది తప్పు, వంతెన మీద కారు ఆపడం ఇంకా పెద్ద తప్పు. ఒప్పుకుంటాను. కానీ వచ్చేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. పోయినసారి మా అమ్మను తీసుకుని జలపాతం చూడటానికి వెళ్లాను, ఊరి పేరు చెప్పను. ఆమెకు అరవై ఏడేళ్లు, షుగరు ఉంది. మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పార్కింగ్ పేరుతో రెండు చోట్ల డబ్బు తీసుకున్నారు, రసీదు లేదు. చెత్త వేయడానికి డబ్బా కోసం వెతికి వెతికి సంచి కారులోనే పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మర్యాద ఒకవైపు నుంచే రావాలా?

మన్ననూరు_మలుపు
సంచి ఇంటికి తీసుకువెళ్లారు చూడండి, మీకు నమస్కారం. అందరూ మీలా చేస్తే నేను ఇక్కడ రాసే అవసరమే ఉండేది కాదు.

మాది శ్రీశైలం దారిలో, అడవి మొదలయ్యే చోటు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలను వదలరు. ఆ సంగతి తెలిసి కూడా రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి గేటు దగ్గర హారన్ మోగిస్తారు. ఆ సమయంలో రోడ్డు దాటేది జింక కావచ్చు, ఎలుగుబంటి కావచ్చు, చిరుతపులి కావచ్చు. గేటు కాసేవాళ్లతో గొడవపడి ఏం లాభం? వాళ్లు మూసింది మీకోసం కాదు, అడవి కోసం.

కోతుల సంగతి చెప్పాలి. దారి పొడవునా కారు ఆపి అరటిపండ్లు, చిప్స్ విసురుతారు. పుణ్యం అనుకుంటారు. అడవిలో కాయా పండూ వెతుక్కుని తినే జంతువు ఇప్పుడు రోడ్డు పక్కనే కూర్చుని కార్ల కోసం ఎదురుచూస్తోంది. పిల్ల కోతులు టైర్ల కింద పడుతున్నాయి. వారానికి ఒకటైనా కనిపిస్తుంది నాకు. ఆ కవర్లను జింకలు మింగుతాయి. దయ ఉంటే కిటికీ అద్దం దించకండి.

ఇంకొకటి, అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది. చెంచుల పెంటల్లోకి నేరుగా నడిచి వెళ్లిపోతారు. పెంట అంటే వాళ్ల గూడెం, వాళ్ల ఇల్లు. పిల్లలకు బిస్కెట్లు చూపించి వరుసగా నిలబెట్టి ఫొటోలు తీస్తారు. నాతో చదువుకున్న చెంచు మిత్రుడు ఒకడున్నాడు. ఒకసారి వచ్చినవాళ్లను అడిగాడు: "మీ కాలనీకి వచ్చి మీ పిల్లల్ని ఇలాగే నిలబెట్టి ఫొటో తీస్తే ఊరుకుంటారా?" వాళ్ల దగ్గర జవాబు లేదు. కెమెరా మాత్రం దించారు.

గాజుల_గల్లీ
ఈ ప్రశ్న నేను రాసి పెట్టుకుంటున్నాను.

చిటికి_దారం
మాది భూదాన్ పోచంపల్లి. అత్తగారిల్లు, పుట్టిల్లు రెండూ మగ్గాల ఇళ్లే. మాకు బజారు వేరు, ఇల్లు వేరు అని ఉండదు. మగ్గం ముందు గదిలో ఉంటుంది, వెనక గదిలో వంట, మధ్యలో పిల్లల చదువు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినప్పుడు మేమంతా ఎంతో సంతోషించాం. ఇప్పటికీ ఆ సంతోషం ఉంది. కానీ శని, ఆదివారాలు వస్తే తలుపు వేసుకుని అన్నం తినాల్సి వస్తోంది.

చెప్పులతో లోపలికి వచ్చేస్తారు. మగ్గం మీద నిలువుగా పరిచిన దారాల మీద, అంటే పడుగు మీద, చేయి వేసి రుద్దుతారు, మెత్తగా ఉందో లేదో చూద్దామని. మా పని ఎలా ఉంటుందో చెబుతాను. ముందు దారాన్ని కొలిచి ఆసు పోస్తాం, అంటే మేకుల చట్రం మీద అటూ ఇటూ తిప్పి చుడతాం. బొమ్మ ఎక్కడ రావాలో అక్కడ దారాన్ని గట్టిగా చిటికి కట్టి రంగులో ముంచుతాం. కట్టిన చోట రంగు పట్టదు. విప్పి, మళ్లీ వేరే చోట కట్టి, ఇంకో రంగు. ఇలా రంగు రంగుకూ కట్టడం, విప్పడం. నేసేటప్పుడు పోగూ పోగూ సరిచూసుకుంటేనే బొమ్మ కుదురుతుంది. పోయిన సంక్రాంతికి ఒక చిన్న బాబు ఆరబెట్టిన నూలులో నాలుగు ముడులు ఊడదీశాడు. పిల్లవాడికేం తెలుసు? వాళ్ల నాన్న పక్కనే నిలబడి నవ్వుతూ వీడియో తీస్తున్నాడు. మా మామగారు ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనం చేయలేదు.

తరువాత ధర. "అచ్చం ఇలాంటిదే బజారులో ఎనిమిది వందలకు దొరుకుతుంది" అంటారు. అది అచ్చు వేసిన గుడ్డ, దారానికి రంగు అద్ది నేసింది కాదు. కొత్త బొమ్మ కనిపిస్తే ఫోనుతో దగ్గరగా ఫొటో తీసుకుంటారు. కొన్నాళ్లకు అదే బొమ్మ అచ్చు గుడ్డ మీద కనిపిస్తుంది.

వినోబా భావే 1951 ఏప్రిల్ 18న మా ఊరు వచ్చి భూమిలేనివాళ్ల కోసం అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగితే భూమే ఇచ్చిన ఊరు ఇది. "అమ్మా, లోపలికి రావచ్చా?" అని అడిగితే మగ్గం చూపించమా? మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, చేతికి కండె ఇచ్చి మరీ చూపిస్తాం.

పాలమూరు_మర్రి
అక్కా, చివరి మాటలు మా అమ్మకు చదివి వినిపించాను.

ఆదివారం_యాత్ర
చిటికి_దారం గారూ, నేను పోచంపల్లి వచ్చాను. పడుగు ముట్టుకున్నాను కూడా. ఇంత కష్టం ఉందని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. మీ ఊరికి కాకపోయినా మీకు క్షమాపణ చెబుతున్నాను.

చిటికి_దారం
తెలియక ముట్టుకున్నవాళ్ల మీద మాకు కోపం లేదు తమ్ముడూ. ఈసారి వచ్చినప్పుడు మా ఇంటికి రండి, అమ్మగారిని కూడా తీసుకురండి. మరుగుదొడ్డికి తాళం ఉండదు.

ఎల్బీనగర్_దిగాను
అందరూ బయటివాళ్ల గురించే రాస్తున్నారు. మనం నగరానికి వెళ్లినప్పుడు ఎలా ఉంటున్నామో కూడా మాట్లాడుకోవాలి.

నేను వారానికి రెండుసార్లు నల్లగొండ బస్సులో ఎల్బీనగర్ వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళతాను. మన వాళ్లను చూస్తుంటాను. రైలు తలుపు తెరుచుకోగానే దిగేవాళ్లను దిగనివ్వరు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకున్న అలవాటు అక్కడా చూపిస్తారు. ఎస్కలేటర్ మీద నలుగురు పక్కపక్కన నిలబడి కబుర్లు. వెనక ఉద్యోగానికి ఆలస్యమవుతున్నవాడు నిలబడిపోతాడు. ఆడవాళ్ల పెట్టెలోకి సామానుతో ఎక్కేస్తారు, చెబితే "ఖాళీగా ఉంది కదా" అంటారు. ఫోనులో వీడియో పెద్ద గొంతుతో పెట్టి పెట్టె మొత్తానికి వినిపిస్తారు. దుర్గం చెరువు తీగల వంతెన మీద కారు ఆపి ఫొటోలు దిగేవాళ్లలో మన జిల్లా బండ్లు లేవా? సాగర్ వంతెన మీద వాళ్లు చేస్తే తప్పు, అక్కడ మనం చేస్తే ముచ్చటా?

బత్తాయి_తోట
ఇందులో సగం ఒప్పుకోను. మొదటిసారి మెట్రో ఎక్కిన పల్లెటూరి మనిషికి ఎటు నిలబడాలో ఎలా తెలుస్తుంది? మా నాన్న చేతిసంచి చూసి ఒకాయన ముఖం చిట్లించి దూరం జరిగాడు. ఆ సంచిలో ఆయన మనవరాలికి తెచ్చిన సకినాలు ఉన్నాయి. తెలియక చేసేది వేరు, తెలిసీ లెక్కలేక చేసేది వేరు. పావురాల కుర్రాడు పెద్దాయన చెప్పినా లెక్కచేయలేదు, అదీ తేడా.

ఎల్బీనగర్_దిగాను
మీ నాన్నగారికి జరిగింది తప్పే, దానికి నేను కూడా బాధపడుతున్నాను. కానీ రెండోసారి, మూడోసారి ఎక్కినవాడికి తెలుసు కదా? వాడి గురించే నా మాట.

బత్తాయి_తోట
సరే, అంతవరకు ఒప్పుకుంటాను.

ఇక మా గోడు. నల్లగొండ బత్తాయి అంటే ఎంత పేరో అందరికీ తెలుసు. రోడ్డు పక్కనే మా తోట. కారు ఆపుతారు, కంచె తీగ పైకెత్తి దూరుతారు, కొమ్మ వంచి కోస్తారు. "నాలుగు కాయలే కదా" అంటారు. నాలుగు కాయలే, కానీ ఒక ఆదివారం నలభై కార్లు. కాయ పోతే పోయింది, కొమ్మ చీలితే చెట్టు దెబ్బతింటుంది. బోరు ఎండిపోయిన ఏడు ట్యాంకరుతో నీళ్లు పోయించి బతికించుకున్న చెట్లు అవి. అడిగితే గంపలోంచి పది కాయలు చేతిలో పెడతాను. కొన్నవాళ్లకు రెండు ఎక్కువే వేస్తాను.

ఆదివారం_యాత్ర
రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, అది మాత్రం సరైనదా? రాత్రిపూట నల్లని పరదా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. బైకు మీద వచ్చేవాడికి ఆ రాళ్లు కనిపించవు.

బత్తాయి_తోట
కళ్లం లేక ఆరబోస్తాం. వాన మబ్బు కమ్ముకొస్తుంటే ధాన్యం ఎక్కడ పెట్టుకోవాలి?

సాగర్_హిల్‌కాలనీ
దీంట్లో నేను ఆదివారం_యాత్ర గారి వైపు. మా మేనల్లుడు ఆ రాళ్లకే తగిలి పడ్డాడు, కాలు విరిగింది. రైతు కష్టం నిజమే, రాళ్లు పెట్టడం మాత్రం మానాలి. మనం రోడ్డుకు అడ్డం పెట్టి, రోడ్డుకు అడ్డం ఆపిన కారును తిట్టలేం.

బత్తాయి_తోట
రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టమని మా ఊళ్లో చెబుతాను. మేనల్లుడు ఇప్పుడు నడుస్తున్నాడా?

సాగర్_హిల్‌కాలనీ
నడుస్తున్నాడు.

పాలమూరు_మర్రి
నేను ఒక చెట్టు తరఫున మాట్లాడుతున్నాను. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. దాదాపు ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టు, మూడు ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. నా చిన్నతనంలో బడి నుంచి తీసుకువెళితే మేమంతా ఊడలు పట్టుకుని ఊగాం. మాకు ఎవరూ వద్దని చెప్పలేదు. కొమ్మలెక్కి వరుసగా కూర్చునేవాళ్లు, మేకులతో పేర్లు చెక్కేవాళ్లు, కిందే పొయ్యి పెట్టి వంట చేసుకునేవాళ్లు. చెదలు తొలిచేసిన పెద్ద కొమ్మ విరిగిపడింది. 2017 డిసెంబరులో సందర్శకులకు మూసేశారు. మరుసటి ఏడాది సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా చెదల మందు ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మలకు కింద స్తంభాలు కట్టారు. ఆసుపత్రిలో మంచం మీద పడుకున్న పెద్దమనిషిలా కనిపించింది నాకు. ఇంటికి వచ్చి ఏడ్చాను.

చెదలను జనం తేలేదు. కానీ అన్నేళ్లు ఊగి, చెక్కి, తొక్కి దాన్ని బలహీనపరిచింది మనమే. బయటివాళ్లు కాదు, పాలమూరు వాళ్లమే ఎక్కువ. అందుకే ఇప్పుడు ఎవరైనా కంచె దాటి ఊడ పట్టుకోబోతే నేను ఊరుకోను. గొడవైనా సరే.

అలంపురం_తుంగ
పేర్లు చెక్కడం అన్నారు కాబట్టి నేను కూడా. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి, ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. పదమూడు వందల ఏళ్ల శిల్పం ముఖానికి పసుపు, కుంకుమ పూస్తారు. భక్తితో పూస్తున్నారని తెలుసు, అందుకే కసురుకోలేను. పూజలు జరిగే చోట పూజ చేసుకోండి. గోడ మీద శిల్పాలకు నూనె, కుంకుమ రాస్తే రాయి మొరటుబారిపోతుంది.

ఇక మేకుతో హృదయం బొమ్మ గీసి రెండు పేర్లు రాసేవాళ్ల కోసం: కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం కింద, 2010 సవరణ తరువాత, రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. నేను ఈ మాట చెప్పగానే మేకు జేబులోకి వెళ్లిపోతుంది. బతిమాలితే వినని చెవులు జరిమానా అనేసరికి వింటున్నాయి.

పానగల్లు_నీడ
నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న మా ఛాయా సోమేశ్వరాలయం సంగతి. గర్భగుడిలో శివలింగం వెనక పగలంతా నిలువుగా ఒక నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. బయటి నుంచి వచ్చే వెలుతురు మండపం స్తంభాల మధ్యగా లోపలికి ప్రసరించే తీరులో ఉంది ఆ కిటుకు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల నాటి శిల్పులు అంత లెక్కగా కట్టారు. ఇప్పుడు ఇరవైమంది ఒకేసారి వచ్చి స్తంభాలకు ఆనుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడతారు. వెలుతురు రాదు. "నీడ ఏదీ, అంతా అబద్ధం" అంటూ ఫోను లైటు వేసి వెతుకుతారు. లైటు వేస్తే నీడ ఉంటుందా? అడ్డం తప్పుకుని రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, అదే కనిపిస్తుంది. ఇలా చెప్పి నేను ఎంతోమందికి చూపించాను. చూశాక వాళ్ల ముఖాలు చూడాలి, నాకు అదే పండుగ.

కొల్లాపూర్_రేవు
నేను సోమశిలలో కృష్ణ మీద పడవ నడుపుతాను. పానగల్లు_నీడ గారు అన్నట్టు చూపిస్తే చూసేవాళ్లు ఎక్కువే. నాకు ఇబ్బంది ఒకటే, తేలియాడే జాకెట్. ఎక్కేటప్పుడు వేసుకుంటారు, నది మధ్యలో "ఫొటోకు బాగుండదు" అని విప్పుతారు. అందరూ ఒకే పక్కకు చేరతారు. పడవ ఒరుగుతుంది. నాకు గుండె ఆగినంత పని అవుతుంది, వాళ్లు కేకలు వేసి నవ్వుతారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

బోర్డు రాసి పెట్టాను: "జాకెట్ విప్పరాదు". ఒక్కరూ చదవలేదు. తరువాత మా తమ్ముడు మార్చి రాశాడు: "ఈ నది లోతు పడవ నడిపేవాడికి తెలుసు. జాకెట్ విప్పితే పడవ వెనక్కి తిప్పుతాడు." రెండుసార్లు నిజంగానే తిప్పాను, డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ తరువాత చదువుతున్నారు.

గాజుల_గల్లీ
అందరివీ చదివాను. రెండు రాత్రులు పట్టింది.

పెద్దాయన సంగతి కూడా చెబుతాను. ఆయన ఇప్పుడు ఇంకా చీకటిగా ఉండగానే వెళ్లి గింజలు చల్లి వస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. "వాళ్లు వచ్చేలోపు తింటాయిలే బేటా" అంటున్నారు. ఆయన తన సమయం మార్చుకోవడం నాకు నచ్చలేదు.

ఎల్బీనగర్_దిగాను
ఒక మాట చెబితే కోపం తెచ్చుకోకండి. పావురాల రెట్టల వల్ల కొందరికి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. పట్టణంలో అన్ని పావురాలను ఒకేచోట పోగుచేయడం కూడా మంచిది కాదంటున్నారు డాక్టర్లు. ఆ మాట కూడా అనుకోవాలి.

గాజుల_గల్లీ
నిజమే, మా దుకాణం యజమానికే దగ్గు ఉంది. గింజలు చల్లాలా వద్దా అన్నది వేరే చర్చ, అది పెద్దాయనతో కూర్చుని మేము మాట్లాడుకుంటాం. కానీ ఆ కుర్రాడు ఆరోగ్యం కోసం పావురాలను తరమలేదు కదా. పెద్దమనిషి "ఆగు" అంటే ఆగకపోవడం నా బాధ.

మన్ననూరు_మలుపు
బోర్డు పెట్టండి. కొల్లాపూర్_రేవు అన్నకు పనిచేసింది కదా.

అలంపురం_తుంగ
కట్టడాల దగ్గర ఎవరికి వారు బోర్డులు పాతకూడదు. మీ దుకాణం షట్టరు మీద రాయించండి, అది మీ యజమాని సొంతం. తెల్లవారుజామున షట్టరు దించే ఉంటుంది, వచ్చేవాళ్ల కంట పడుతుంది.

గాజుల_గల్లీ
ఇది బాగుంది. యజమానిని అడిగాను, వెంటనే ఒప్పుకున్నారు. తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలో రాయిద్దామన్నారు. ఏమని రాయాలి?

బత్తాయి_తోట
"పావురాలను తరమరాదు."

కొల్లాపూర్_రేవు
"రాదు" అని రాస్తే చదవరని చెప్పాను కదా. ఎవరు చల్లుతున్నారో, ఎందుకు ఆగాలో రాయండి.

చిటికి_దారం
"ఈ గింజలు ఒక తాతగారు తెచ్చినవి. పావురాలు తినేదాకా ఆగండి, తరువాత ఫొటో తీసుకోండి." ఫొటో తీసుకోమని కూడా రాయండి. వద్దనే మాట ఒక్కటే చెబితే మనసు ఎదురు తిరుగుతుంది.

పాలమూరు_మర్రి
అక్క రాసిందే ఉంచండి.

ఆదివారం_యాత్ర
ఉర్దూ నాకు రాదు, హిందీ వాక్యం నేను రాసి పంపుతాను. వచ్చే ఆదివారం తెల్లవారుజామున అక్కడికి వస్తాను. కారు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ముందే చెప్పండి.

గాజుల_గల్లీ
కారు వద్దు. ఆ గల్లీల్లో పట్టదు, మాకూ ఇబ్బంది. బైకు మీద రండి, దుకాణం ముందు పెట్టుకోవచ్చు. పెద్దాయన తాగే చోటే చాయ్ తాగుదాం.

కొల్లాపూర్_రేవు
రాతపని మా తమ్ముడు చేస్తాడు, బస్సు చార్జీ ఇస్తే చాలు. షట్టరు కొలత పంపండి.

గాజుల_గల్లీ
వెడల్పు ఎనిమిది అడుగులు, ఎత్తు ఏడు. కింది అడుగు వదిలేయమనండి, అక్కడ చెప్పులు విడుస్తారు.